దేవుడి గోతిలో చిన్న చెయ్యి

గోడల మీద మేకు కొట్టడానికి ఇక చోటు లేదు. ముప్పై ఏళ్లుగా కొరింథులో వైద్యదేవుడు ఆస్క్లెపియోస్ గుడి ఊడుస్తున్నాను, ఇంత ఇరుకు ఎప్పుడూ చూడలేదు. జబ్బు నయమైన ప్రతివాళ్లూ ఆ అవయవాన్ని మట్టితో చేయించి తెచ్చి దేవుడికి తగిలించేవాళ్లే. కాళ్లు, చెవులు, రొమ్ములు, కళ్లు. దేవుడి చేతికర్రకు చుట్టుకున్న పాము కూడా మట్టిపాదాల వెనక దాగిపోయింది. ఇచ్చినవాళ్లు హాయిగా ఇళ్లకు పోతారు, దుమ్ము దులిపేది నేను.

అందుకే పూజారి తిమాంద్రోస్ పెరట్లో గొయ్యి తవ్వించాడు. పాతవన్నీ దించి పూడ్చాలి. దేవుడి సొత్తు, పెంకు ముక్కయినా ప్రహరీ దాటకూడదు. పొద్దుటి నుంచి గంపలకెత్తి కుమ్మరిస్తూనే ఉన్నాను. నడుం విరిగిపోయింది. మనుషులకు ఇన్ని అవయవాలు ఎందుకిచ్చారయ్యా అని దేవుళ్లను తిట్టుకున్నాను కూడా.

ఆఖరి గంప దించేసరికి మికా వచ్చింది. తోళ్లు పదును చేసేవాళ్ల వీధి మనిషి. నిరుడు ఆమె కూతురి చెయ్యి కాలి చీము పట్టింది. దేవుడు కలలోకొచ్చి నయం చేస్తాడని ఇద్దరూ ఇక్కడే మూడు రాత్రులు పడుకున్నారు, నయమయ్యాక కోడిపుంజునూ మట్టిచేతినీ ఇచ్చి వెళ్లారు. ఆ పిల్లే మొన్న చలికాలంలో జ్వరమొచ్చి పోయింది.

“పెద్దమ్మా, మా పిల్ల చెయ్యి ఇచ్చెయ్యి,” అంది.

“ఏ చెయ్యని ఇవ్వను? పిల్లల చేతులన్నీ ఒకే అచ్చులో తీసినవే.”

“దానికి చిటికెన వేలు వంకర. పచ్చిమట్టి మీదే కుమ్మరి చేత వంచి చేయించాను.”

“ఇచ్చినదాన్ని వెనక్కి అడుగుతావేంటమ్మా? దేవుడు తన పని చేశాడుగా.”

“చేశాడు. చెయ్యి బాగుచేశాడు, మనిషినే ఉంచలేదు. ఇంట్లో దాని గుర్తంటూ ఏదీ లేదు పెద్దమ్మా. బట్టలు కూడా దాంతోనే పంపేశాం.”

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. గోతిలోకి దిగాను, ఆమె నా వెనకే దిగింది. మోకాళ్లూ మడమలూ ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ చాలాసేపు వెతికాం. అడుగున దొరికింది. వంకర వేలు విరగలేదు.

పూజారి లోపల భోంచేస్తున్నాడు.

“నేను ఊట దగ్గర చేతులు కడుక్కొస్తాను. ఈలోపు నువ్వేం చేసినా నేను చూడలేదు,” అన్నాను. తప్పే. ముప్పై ఏళ్లలో మొదటిసారి. దేవుడు ఏమనుకుంటే అనుకోనీ అనిపించింది, అంత అలసిపోయి ఉన్నాను.

తిరిగొచ్చేసరికి వెళ్లిపోయుంటుందనుకున్నాను. గోతిలోనే కూర్చుని ఉంది. మట్టిచెయ్యి ఒళ్లో ఉంది.

“పట్టుకెళ్లవేం?”

“చల్లగా ఉంది పెద్దమ్మా. దాని చెయ్యి ఆఖరిసారి పట్టుకున్నప్పుడూ ఇలాగే ఉంది. ఇంట్లో పెట్టుకుంటే రోజూ అదే గుర్తొస్తుంది.”

ఆమె ఆ గుట్టలో కాసేపు వెతికి, ఎవరో పెద్దామె ఇచ్చిన చెయ్యి ఒకటి తీసింది. దాన్ని వెల్లకిలా పెట్టి, అరచేతిలో చిన్న చేతిని ఉంచింది.

“ఎవరిదో తెలీదు. పట్టుకుని ఉంటుందిలే,” అంది. తర్వాత పైకెక్కి, “ఇక మట్టి పోసెయ్,” అంది.

పార తీసుకున్నాను గానీ నా వల్ల కాలేదు. కన్నీళ్లకు ఏమీ కనిపించలేదు. మికా నా చేతిలోంచి పార తీసుకుని, అందరి చేతులనూ తనే పూడ్చింది.