రెండో రకం పొరపాటు

"నీకేంటే, చల్లగా కూర్చుని గళ్ళు నింపే ఉద్యోగం," అన్నాడు మా ఆయన. అప్పటికి నేను ఒక చేత్తో ఆయన డబ్బా మూత నొక్కుతూ ఇంకో చేత్తో పిల్ల జడ పట్టుకుని ఉన్నాను. పదకొండేళ్ళుగా వింటున్న మాట కాబట్టి కోపం కూడా పాతబడిపోయింది. పైగా అందులో అబద్ధమేమీ లేదు. ఆసుపత్రి మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో, నేను నిజంగానే గళ్ళు నింపుతాను. తలనొప్పికి కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నారు. రెండు వందల మంది ఆడవాళ్ళు రోజూ డైరీ రాస్తారు, నేను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. సగం మందికి మందు, సగం మందికి ఉత్తి బిళ్ళ. ఎవరికేది దక్కిందో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. తలనొప్పి గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదలాలి. పక్కనే "ఇంకేమైనా ఇబ్బంది?" అన్న గడి ఖాళీగా ఉంటే మాత్రం సున్నా కొట్టాలి, అంటే ఇబ్బందేమీ లేదని. ఈ పరీక్ష మొదలైన రోజే నేర్పిన రూలు. రెండేళ్ళలో వేలకొద్దీ సున్నాలు కొట్టాను.

ఆ రోజు ఒక టైలరమ్మ డైరీ దగ్గర నా చెయ్యి ఆగింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క పూట కూడా తప్పించదు. అలాంటి మనిషి వరసగా మూడు రోజులు ఏమీ రాయలేదు. ఎందుకని? నాకు పనికిమాలిన కుతూహలం ఎక్కువని మా ఆయన అంటుంటాడు. ఆ కుతూహలంతోనే ఫోన్ చేశాను.

"కళ్ళు తిరిగి మంచం దిగలేదమ్మా," అందావిడ. "లేచేసరికి ఇల్లంతా అలాగే పడి ఉంది. ఇంక డైరీ ఎక్కడ గుర్తుంటుంది?"

అప్పటికే నేను ఆమెకి అలవాటుగా కొట్టేసిన మూడు సున్నాలు తెర మీద అలాగే ఉన్నాయి. సిగ్గేసింది.

మా దగ్గర గణాంకాలు చూసే ఆయన్ని అందరం లెక్కల మాస్టారు అంటాం. మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, మీ కాగితాల్లో ఎర్రర్, ఎర్రర్ అని ఉంటుందే, అది నేను టైపు కొట్టడంలో చేసే తప్పేనా?"

ఆయన పడీ పడీ నవ్వాడు. "అది నీ ఖాతాలోది కాదమ్మా. మందు పనిచెయ్యకపోయినా చేసిందనడం మొదటి రకం పొరపాటు. ఉన్నదాన్ని లేదనడం రెండో రకం. మొదటిది నూటికి ఐదుసార్లు మించకూడదంటాం. రెండోది ఇరవైసార్ల దాకా సర్దుకుపోతాం."

"రెండోదానికే అంత సర్దుబాటెందుకు?"

"ఎప్పట్నుంచో అలవాటు. పైగా లేదని తేల్చేశాక మళ్ళీ ఎవరు వెతుకుతారు? పొరపాటు జరిగినట్టు కూడా తెలీదు."

టైలరమ్మ సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "నా సూత్రానికి కళ్ళుండవమ్మా. నువ్విచ్చిన సున్నాల్నే కూడుతుంది," అన్నాడు.

ఖాళీలు వదిలిన పద్నాలుగు మందికి ఫోన్ చేశాను. తొమ్మిది మందిది అదే మాట. కళ్ళు తిరిగాయి, పడుకున్నాం, రాయలేదు. ఒకావిడ మెట్ల మీద పడిందట. "ఇదంతా ఎందుకులే చెప్పడం అనుకున్నా," అంది.

ఈ పరీక్ష నడిపే పెద్ద డాక్టరుగారి గదికి వెళ్తే, ఆయన "సమాచారం పూర్తి" అన్న కాగితం నా సంతకం కోసం ముందుకు తోశాడు. ఎల్లుండి లెక్కలు మూసేస్తారు. నేను విషయం చెప్పాను.

"రెండేళ్ళుగా లేని సందేహం ఇప్పుడొచ్చిందా?"

"సందేహం ఇప్పుడే వచ్చింది సార్. సున్నాలు రెండేళ్ళుగా ఉన్నాయి."

అనేశాక భయమేసింది. ఉద్యోగం పోతే ఇంట్లో ఏమేం వినాలో నాకు కంఠతా వచ్చు. అయినా సంతకం పెట్టాల్సిన చోట, "ఖాళీ అంటే లేదని కాదు, మనం అడగలేదని," అని రాసి కాగితం వెనక్కిచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. తర్వాత ఫోనెత్తి మాస్టారిని రమ్మన్నాడు. లెక్కలు మూసే తేదీ మూడు వారాలు జరిగింది. రెండు వందల మందికీ ఫోన్లు చేసే పని, ఇంకెవరికి, నాకే పడింది.

సాయంత్రం, రోజంతా ఫోన్లేనంటూ ఇంట్లోకొచ్చి, వంటింటి గుమ్మం దగ్గర బట్టలు మడతపెడుతున్న అత్తయ్య పక్కన కూలబడ్డాను. "ఫోన్లో మాట్లాడినందుకే ఇంత నీరసమా? మా రోజుల్లో మాకీ నీరసాలూ నొప్పులూ ఏవీ లేవు," అంది. మామూలుగా అయితే గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేసేదాన్ని. ఆ రోజు మాత్రం పొద్దుటి నుంచీ అడిగీ అడిగీ నోటికి అదే అలవాటైంది.

"లేవా అత్తయ్యా? ఎవరూ అడగలేదా?"

వినిపించుకోలేదు. ఎప్పుడూ అంతే. నేనంటే లెక్కలేదని పదకొండేళ్ళుగా మనసులో పెట్టుకున్నాను. ఈసారి వదల్లేదు, ముందుకు వంగి మళ్ళీ అడిగాను. ఆవిడ చేతిలో చీర మడత ఆగింది.

"మీ ఆయన పుట్టిన దగ్గర్నుంచీ ఈ కుడిచెవి వినపడదు నాకు," అంది మెల్లగా. "మీ మామయ్యకి కూడా తెలీదు."

నేను లేచి, అటు తిరిగి వెళ్ళి, ఆవిడ ఎడమ పక్కన కూర్చున్నాను.

"ఇంకా?" అన్నాను.