పుల్లవాసన

తేమ పీల్చే యంత్రంలో చేరిన నీళ్లు పారబోయాలి. స్కానర్ అద్దం తుడవాలి. మిగిలిపోయిన ఫిల్ము డబ్బాలు బల్ల మీదికి చేర్చాలి. సాయంత్రం వ్యాను వచ్చేలోగా అన్నిటినీ స్కానర్‌లో నడిపించేయాలి. వీటన్నిటికంటే ముందు ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూడాలి.

ఆ మొదటి పని వదిలేసి మిగతావన్నీ మొదలుపెట్టింది తెర్యాంగ్. కూర్చోబుద్ధి కావడం లేదు. డబ్బా తీస్తుంది, పెడుతుంది, కిటికీ దాకా నడిచి వెనక్కి వస్తుంది.

ఫిలిప్పీన్స్‌లో, ఇలోయిలో అనే ఊరి తీరాన ఉన్న చిన్న మత్స్య కళాశాల అది. కళాశాల వెలువరించిన పాత పరిశోధన పత్రిక కాగితపు సంచికలన్నీ వరదలో ముద్దయిపోయాయి. ఎవరో ముందుచూపుతో ఆ పేజీలను ఫొటోలు తీయించి పెట్టిన ఫిల్ము రీళ్లే మిగిలాయి. ఫిల్ముకీ జబ్బు చేస్తుంది. వెనిగర్ కంపు కొడుతుంది, ముడుచుకుంటుంది, చివరికి అతుక్కుపోతుంది. పక్క రీలుకి అంటిస్తుంది కూడా. నెలనెలా వాసన చూసి, పులిసినవాటిని వేరుచేయడం తెర్యాంగ్ కొలువు. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. వేళ్ల నిండా ఫిల్ము అంచులు కోసిన సన్నని గీతలు. పెళ్లి చేసుకోలేదు, అక్క పిల్లల్ని పెంచింది. కళాశాలంతా ఆమెను 'ముక్కు మనాంగ్' అంటారు. మనాంగ్ అంటే అక్క. మూత సగం తీయగానే రీలు ఆయువు చెప్పేది మరి.

మహమ్మారి రోజుల్లో వచ్చిన జ్వరం తగ్గింది కానీ, దాంతోపాటు పోయిన వాసన తిరిగి రాలేదు. రేపో మాపో వస్తుందిలే అనుకుంది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. అలవాటు ప్రకారం మూత తీయడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, 'బాగుంది' అని రాయడం.

రీళ్లను కంప్యూటర్లోకి ఎక్కించే ఆ స్కానరు నాలుగు కళాశాలలకు ఉమ్మడిది. ఇవాళ పడవెక్కి నెగ్రోస్ దీవికి పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. జబ్బు రీళ్లను ముందుగా, చేత్తో మెల్లగా తిప్పుతూ నడపాలి. ఏది జబ్బుదో తెలియక వారమంతా వరసలోనే నడిపింది.

మధ్యాహ్నం గేటు కాపలా ఉస్టింగ్ అన్నం డబ్బాతో లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"ఏం మనాంగ్, పచ్చిచేపలు వెనిగర్‌లో నానేశావా? ఒక్క ముక్కన్నా పెట్టకుండా తినేద్దామనే!"

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎక్కణ్ణించి వస్తోంది?"

"నన్నడుగుతావేంటి? ముక్కు నీదా, నాదా?"

ఆమె లేచి తలుపు మూసింది. "నాకు రావట్లేదు ఉస్టింగ్."

"ఏంటి రావట్లేదు?"

"వాసన. ఆ జ్వరం వచ్చినప్పట్నించీ."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు. "మరి మా ఆవిడ పులుసు ఘుమఘుమలాడిపోతోందన్నావ్?"

"మీ ఆవిడ ఎదురుగా నిలబడితే ఇంకేమంటాను? ముందు ఇవి చూసిపెట్టు."

"తాగుబోతు ముక్కు ఇది, మనాంగ్. నమ్ముతావా?"

"నా దానికన్నా నయం. కానియ్."

అతను ఒక్కో మూతా తీశాడు. "ఇది బాగుంది. ఇదీ పర్లేదు. ఇది కొంచెం... అమ్మో! ఇందులో వేపుడు చేప ముంచుకు తినొచ్చు."

పులిసినవి మూడు తేలాయి. రెండింటిని తెర్యాంగ్ ఊపిరి బిగబట్టి చేత్తో తిప్పుతూ నడిపింది. తెర మీద చేపల బొమ్మలు, పట్టికలు, ఎవరెవరివో పేర్లు ఒక్కొక్కటే వచ్చి భద్రమయ్యాయి. మూడోది తిరగలేదు. బెల్లపు అచ్చులా గట్టిపడిపోయింది. గోటితో అంచు లేపబోతే పొట్టు రాలింది. వేలికంటిన పొట్టులో ఏవో సగం అక్షరాలు.

బయట వ్యాను హారను మోగింది. స్కానరును దుప్పట్లో చుట్టి తీసుకుపోయారు.

ఆ రీలులోని వ్యాసాలు చాలావరకు వేరేచోట్ల అచ్చయినవే. ఒక్కటి కాలేదు. పక్కనున్న అంటీకె తీరంలో పాలబొంత చేపపిల్లలను పట్టే ఆడవాళ్లు సముద్రపు ఒక్కో పోటుకీ పెట్టుకున్న పేర్ల గురించి, రెమీహియా దాలిపే అనే ఆవిడ రాసినది. కొలువులో చేరిన కొత్తలో తెర్యాంగ్ దాన్ని ఫిల్ము చూపే యంత్రం తెర మీద చదివింది. తన అమ్మ కూడా అలా మోకాళ్ల లోతు నీళ్లలో వల తోసినదే కనుక, చదువుతూ నవ్వుకుంది కూడా. ఇప్పుడు బల్ల ముందు నిలబడి ఎంత తడుముకున్నా ఆ పేర్లలో ఒక్కటీ గుర్తు రాలేదు.

గ్రంథాలయాధికారిణి గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ కేకలేయలేదు. "అప్పుడే చెప్పుంటే మందో మాకో చూసేవాళ్లం కదా మనాంగ్, రీలుకైనా," అంది. ఆ మెత్తదనానికే తెర్యాంగ్ తల ఎత్తలేకపోయింది.

"రేపట్నించి రావా?" గేటు దగ్గర అడిగాడు ఉస్టింగ్.

"రానిస్తే వస్తా. మూతలు నేను తీస్తా, వాసన నువ్వు చూద్దువుగాని. పొద్దున్నే తాగి రాకు."

రీలును మాత్రం మర్నాడు పారేయక తప్పలేదు. ఖాళీ డబ్బా ఇంకా అరలోనే ఉంది. మూత మీద సిరాతో రాసిన వ్యాసకర్తల పేర్లలో, పోటుల గురించి రాసినావిడ పేరు చెదరలేదు. ఆవిడ ఏం రాసిందో ఇక ఎవరూ చదవలేరు. ఇంతదాకా చదివిన మీరు, మీ పనుల మధ్య ఓ మూల, ఆవిడ పేరైనా గుర్తుపెట్టుకోండి: రెమీహియా దాలిపే.