ఎర్ర రింగు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ పక్షుల కేంద్రంలో వలలను ఇరవై నిమిషాలకోసారి చూసి తీరాలి. చిక్కిన పిట్టను విడిపించి, గుడ్డ సంచిలో తెచ్చి, కాలికి నంబరు రింగు తొడిగి వదిలేయాలి. ఎండెక్కితే వలలో పిట్ట బతకదు. ఆ నియమం పెట్టిన పెద్దమనిషి మామగారే.

ఆ ఉదయం కోడలు మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సంచి కోసం గదిలో అడుగు పెట్టగానే ఆయన అందుకున్నారు.

"మావయ్యా, వలలో..."

"నోరెత్తావంటే ఊరుకోను! కూర్చుని విను."

కూర్చుంది. ఇక ఆయన నోటికి మూత ఉంటేగా! గడియారం విలువతో మొదలుపెట్టి, పుట్టింటివాళ్ల పెంపకం దాకా ఏడు తరాలను ఏకిపారేశారు. ఆమె బుద్ధిగా తలూపుతూ వింది. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పాకింది.

అలిసిపోయాక ఆయనే వెళ్లి వల చూశారు. తిరిగొచ్చేసరికి అరచేతిలో పిట్ట బిగుసుకుపోయి ఉంది. దాని కాలికి ఎర్ర రింగు. పదకొండేళ్ల కిందట ఆయన చేత్తో తొడిగిందే. ఇంట్లో ఎవరినీ పలకరించని మనిషి, ఏటా తిరిగొచ్చే ఆ పిట్టను మాత్రం "వచ్చావా తల్లీ" అనేవారు.

"రిజిస్టరులో రాయి," అన్నారు. "వల చూసేవారి ఆలస్యం, మూడు నిమిషాలు."

కోడలు పెన్ను తీసింది.

"నలభై ఆరు, మావయ్యా. గడియారం మీ వెనకాలే ఉంది, చూస్తూనే కూర్చున్నాను. వలలో ఎర్ర రింగును నేను వచ్చేటప్పుడే చూశాను."