నీడకు పైపేసిందెవరు

షారోన్ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, వాళ్ల మేనమామ ఏలీయా గొంతు సవరించుకుని మరీ చెప్పేవాడు.

"మా అమ్మి తాళం తప్పకుండా తిడతది. దానికి హైదరాబాదులో కప్పులిస్తారు."

అందులో అబద్ధం పెద్దగా లేదు. ఆదివారం బడిలో వాక్యాలు కంఠస్థం చెప్పి సబ్బుపెట్టెలు గెలిచిన పిల్ల, డిగ్రీకని హైదరాబాదు వెళ్లి స్లామ్ అనే పోటీల్లో పడింది. కాగితం చూడకుండా, మూడు నిమిషాలు దాటకుండా, సొంత కవితను మైకు ముందు ఒళ్లంతా నోరు చేసుకుని చెప్పాలి. జనంలోంచే ఏరిన ఐదుగురు అక్కడికక్కడే పదికి మార్కులు వేసి చూపిస్తారు. హైదరాబాదులో గెలిచింది, విజయవాడలో గెలిచింది, బెంగళూరు పోయి తెలుగు రానివాళ్ల చేత కూడా ఈలలు వేయించుకుంది. గెలిచిన ప్రతి కవితలోనూ సంగతి ఒకటే: మా పాలేనికి నీళ్లు లేవు.

గెలిచి ఇంటికొస్తే, నీళ్లు అప్పటికీ లేవు.

ఆ పాలెం అర్ధవీడు పక్కన ఉంది. ఊళ్లో కొత్త ట్యాంకు కట్టారు, ఊరంతా కుళాయిలు తిరిగాయి. పైపు మాత్రం చెంచయ్య పొలం గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. గట్టుకు అవతల పాలెం. అక్కడి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొలాల బోర్ల దగ్గర కరెంటు కోసం కాచుకునేవాళ్లు. షారోన్ కప్పులన్నీ మూటగట్టి అటకెక్కించి, ఊరికి వచ్చేసి, ఆడవాళ్లను కూడగట్టి అర్జీ మీద అర్జీ పెట్టింది. ఆఫీసు నుంచి ఎప్పుడూ ఒకటే మాట, "త్వరలో."

"ఆఫీసుకు మనం పోయింది చాలు మామా. ఆఫీసునే ఇక్కడికి పిలుద్దాం" అంది చివరికి.

నీళ్ల పనులు చూసే ఏఈ శ్రీకాంత్‌ను పాలెంలో కవితల పోటీకి ముఖ్య అతిథిగా పిలిచింది. ఆయనకు వచ్చే నెల బదిలీ. పైపు కదిలితే ఈలోపే కదలాలి. కొత్తాయన వస్తే అర్జీ మళ్లీ అఆల దగ్గర మొదలవుతుంది, ఎండాకాలం నెత్తి మీదికొస్తుంది.

ఏలీయా మార్కాపురం పలకల కార్ఖానాలో రాయి కోసిన మనిషి. మార్కులు వేయడానికి ఐదు పలకలు, గుప్పెడు బలపాలు తెచ్చాడు.

"జడ్జీలు చుట్టాలు కాకూడదు మామా."

"అట్లయితే కరెంటు స్తంభాన్ని కూచోబెట్టమ్మీ. ఈ పాలెంలో నీకు చుట్టం కానిది అదొక్కటే."

ఆఖరికి ఊళ్లోంచి చెంచయ్యను బతిమాలి తెచ్చి ఒక పలక ఇచ్చాడు. మిగతా నాలుగూ పాలెం వాళ్లకే పోయాయి. అందులో ఒకటి షారోన్ వాళ్లమ్మ సౌభాగ్యమ్మ చేతిలో పడింది.

ఏఈ గారు పొద్దు వాలుతుండగా వచ్చారు. ఆ వేళకు ట్యాంకు నీడ గట్టు దాటి పాలెంలోకి సాగుతుంది. జనమంతా ఎండకు తాళలేక ఆ నీడలోనే కూర్చున్నారు. షారోన్ మైకు తీసుకుంది.

*"ట్యాంకు ఊళ్లో ఉంది సార్, నీడ మా ఇంట్లో ఉంది.
పొద్దు వాలితే చాలు, పిలవకుండా వస్తది,
గట్టు దాటి వస్తది, గడప దాటి వస్తది,
మా ఖాళీ బిందెలో కూడా కూచుంటది.
నీళ్లకు అడ్డమొచ్చిన గట్టు నీడకు అడ్డం రాలేదే,
నీడకు పైపేసిందెవరు సార్?"*

ఈలలు మోగాయి. పలకలు లేచాయి. తొమ్మిది, పది, తొమ్మిది, తొమ్మిది. సౌభాగ్యమ్మ పలక మీద ఏడు.

"అమ్మా!"

"ఇంట్లో బాగ చెప్పినావు. ఇక్కడ చివర్న ఉరికినావు" అంది సౌభాగ్యమ్మ, బలపం చెవి వెనక పెట్టుకుంటూ.

తర్వాత ఏఈ గారు దండ సర్దుకుని లేచారు. కవిత్వం గొప్పదన్నారు, యువత ముందుకు రావాలన్నారు. "మీ నీటి సమస్య మా దృష్టిలో ఉంది. ప్రతిపాదనలు పైకి పంపించాం. త్వరలోనే..." జనం అలవాటు కొద్దీ చప్పట్లకు చేతులెత్తారు. అప్పుడు ఏలీయా మైకు లాక్కున్నాడు.

"జడ్జీలూ! పలకలు!"

"మామా, వద్దు! ఆయన లేచిపోతే మన పని గోవిందా!" అని షారోన్ మామ చొక్కా పట్టి లాగింది. అప్పటికే బలపాలు కరకరమంటున్నాయి.

రెండు. ఒకటి. సున్న. చెంచయ్య పెద్దరికం కొద్దీ రెండున్నర వేశాడు. సౌభాగ్యమ్మ కూడా సున్నే వేసింది, వెనక కూర్చున్నవాళ్లకు కూడా కనపడేంత పెద్దది.

ఏఈ గారు చిన్నప్పటి నుంచి క్లాసు ఫస్టు. ఆ సున్నలను చూసి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జీపు వైపు చూశారు. ఆయన మళ్లీ సౌభాగ్యమ్మ పలక వైపే చూశారు.

"సున్నకు నేనేం తప్పు చెప్పానమ్మా?"

"నా బిడ్డ ఉరికిందని మూడు మార్కులు కోసినా సార్. మీరు అసలు కదల్లా. త్వరలో అంటే ఏ వారం?"

"బాధపడొద్దు సార్, రెండో రౌండుంది. మా అమ్మి కూడా మొదట్లో ఓడిపోయేది" అని ఏలీయా మైకు ఆయన చేతిలో పెట్టాడు.

ఏఈ గారు దండ తీసి కుర్చీ మీద వేశారు. ఈసారి గొంతు వేరేగా వచ్చింది.

"నిజం చెప్పమంటారా? పైపులొచ్చి ఆఫీసు వెనక పడున్నాయి. పొలం గలాయన ఒప్పుకోవట్లేదు. ఇప్పుడు నాకు రెండున్నర వేసి కూర్చున్నాడే, ఆయనే!"

తలలన్నీ తిరిగాయి. చెంచయ్య చేతిలో పలక ఒళ్లోకి జారింది.

"ఒప్పుకోలేదా? నన్నడిగిందెవరు సార్?"

"నోటీసు అంటించాం కదా."

"యాడ?"

"మా ఆఫీసు గోడకు."

"మీ గోడ చదువుకుంటా కూచుంటే నా పొలం ఎవరు దున్నుతారు?"

జనం గొల్లున నవ్వారు. షారోన్ నవ్వలేకపోయింది. బెంగళూరు దాకా పోయి ఆ గట్టును తిట్టి వచ్చింది. గట్టు గలాయన ఇంటికి మాత్రం ఒక్కసారీ పోలేదు. ఊళ్లో పెద్ద రైతు, పాలేనికి ఒప్పుకోడులే అని తనే అనుకుంది. ఆయన దగ్గరకు నడిచి వెళ్లి, మైకు కిందికి దించి అడిగింది.

"పెదనాయనా, నేను కూడా అడగలా. ఇప్పుడడుగుతున్నా. గట్టెంబడి పైపు వేసుకోనిస్తావా?"

చెంచయ్య కొంచెంసేపు తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"ఈ మాట పోయినేడే అడిగుంటే ఈపాటికి తాగేవోళ్లు గదా తల్లీ. కంది కోసినాను, నేల ఖాళీగనే ఉంది. సోమవారం రమ్మను. గట్టు మాత్రం ఎట్లున్నది అట్ల పూడ్చాల."

ఏఈ గారు అక్కడే కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు. ఏలీయా ఆ ఫోనుకు మైకు పెట్టాడు. "సోమవారమే వస్తాం సార్" అన్న మాట పాలెమంతా విన్నది. పలకలు మళ్లీ లేచాయి. ఎనిమిది, ఏడు, ఎనిమిది. చెంచయ్య సిగ్గుపడుతూ తొమ్మిది వేశాడు. సౌభాగ్యమ్మ పలక మీద ఆరు.

"మిగతావి?" అన్నారు ఏఈ గారు.

"నీళ్లొచ్చినాక."

బదిలీకి ముందే నీళ్లొచ్చాయి. కుళాయి తిప్పడానికి ఏఈ గారు వచ్చి, తిప్పి, నేరుగా సౌభాగ్యమ్మ ముందుకు పోయి నిలబడ్డారు. ఆమె బిందె నింపుకుంది, దోసిలి పట్టి తాగింది, తీరిగ్గా మూతి తుడుచుకుని పలక మీద పది వేసి ఇచ్చింది. ఆయన ఆ పలకను జీపులో ముందు సీటు మీద పెట్టుకుని పోయారు.

ఇప్పుడు షారోన్‌కు పామూరు నుంచి పిలుపు, ముండ్లమూరు నుంచి పిలుపు. కవిత చెప్పమని సగంమంది పిలుస్తారు. మా ఆఫీసరును కూడా కూర్చోబెడతాం, పలకలు తెమ్మని మిగతా సగం. ఏ ఊరు పోయినా ఆమె అడిగే మొదటి మాట ఒకటే: "పొలం గలాయన్ని అడిగినారా?"

నీళ్లొచ్చిన ఆ రోజు మాత్రం ఏఈ గారి జీపు మలుపు తిరగగానే షారోన్ పోయి వాళ్లమ్మ కొంగు పట్టుకుంది.

"ఆయనకు పది. నాకింకా ఏడేనా?"

సౌభాగ్యమ్మ ఇంకో పలక తీసుకుని కుళాయి కింద కడిగింది.

"ఏదీ, మళ్లీ చెప్పు. ఈసారి ఉరకబాక."