ఉరుకుడు బాట

నారింజ వాగు పొంగి చెరుకు తోటలన్నీ నేలకు పండబెట్టిన ఏడు అది. వరద తీసి, వాగు గట్టున బురద ఎండి పెచ్చులు లేస్తున్నప్పుడు మా ఊరికి సైకిళ్లు వచ్చాయి.

మామూలు సైకిళ్లు కావు. లావు టైర్లు. మడ్‌గార్డు లేదు, వెనక క్యారియర్ లేదు, గంట కూడా లేదు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు వాటి మీద కూర్చుని గుట్టల్లో, రాళ్లలో తొక్కుతారు. తారు రోడ్డు ఉండగా రాళ్లలో ఎందుకని మా అనంతమ్మ అడిగింది. అనంతమ్మ నా భార్య. నేను మాట్లాడవలసినవి కూడా ఆమే మాట్లాడుతుంది.

"అది వాళ్ల సోకు నానమ్మా" అన్నాడు మా మనవడు విష్ణువర్ధన్. "పాత లడాయిలు జరిగిన తొవ్వలు వెతుక్కుంట పోతరు. మన ఉరుకుడు బాట చూపిస్త అన్న. మస్తు ఖుష్ అయిన్రు."

"తొక్కనియ్యి. పిర్రలు వాస్తె వాళ్లే మానుకుంటరు" అంది అనంతమ్మ.

నేను ఒక్క మాటే అన్నాను. "రాళ్ల కుప్ప కాడ సైకిల్ దిగుమను."

"సరే తాతా" అన్నాడు.

మా ఊరు మొగుడంపల్లి దిక్కు, గుట్టల కింద ఉంటుంది. గుట్ట దాటితే కర్ణాటక. ఆ గుట్ట మీదుగా పోయేదే ఉరుకుడు బాట. రజాకార్ల కాలంలో మా ఊరివాళ్లు పిల్లాజెల్లను ఎత్తుకుని ఆ దారినే ఉరికారు. ఆ సంగతి అందరూ చెప్తారు. పోలీస్ యాక్షన్ అయ్యాక, సర్కారు ఫౌజు వచ్చాక, అదే దారిన ఇంకొందరు ఉరికారు. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

బాట సగం ఎక్కాక ఒక రాళ్ల కుప్ప ఉంటుంది. అక్కడికి రాగానే ఎవరైనా చెప్పులు విడుస్తారు. నెత్తి మీద మోపు ఉంటే దించుతారు. ఒక రాయి ఏరి కుప్ప మీద వేస్తారు. మాట్లాడరు. దాటాకే మళ్లీ చెప్పులు తొడుక్కుంటారు. పెళ్లి బండ్లు పోయే రోజుల్లో పెళ్లికూతురు కూడా అక్కడ బండి దిగి, రాయి వేసి నడిచేది. ఎవరికి వేస్తున్నారో అడగకూడదు. అదీ ఆనవాయితీ.

శనివారం బర్రె దొరకక వెతుక్కుంటూ గుట్ట ఎక్కాను. కుప్ప లేదు.

ముందు దారి తప్పాననుకున్నాను. తప్పలేదు. రాళ్లన్నీ తీసి బాటకు అడ్డంగా వాలుగా పేర్చారు. మీద మొరం పోసి, నీళ్లు చల్లి, దిమ్మెసతో కొట్టి నున్నగా చేశారు. పైనుంచి ఒకడు సైకిల్ మీద గాలిలా వచ్చాడు. ఆ దిమ్మె ఎక్కి మనిషెత్తు ఎగిరి అవతల పడ్డాడు. కింద నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లలో మా విష్ణు కూడా ఉన్నాడు.

పక్కన కొత్త బోర్డు పాతి ఉంది. కూడబలుక్కుని చదివాను. 'రజాకార్లను నరికిన వీరుల గుట్ట.'

కర్ర ఆనించి విష్ణు వైపు తిరిగాను.

"ఎవడు తీసిండ్రా రాళ్లు?"

విష్ణు నవ్వుతూనే వచ్చాడు. "నేనే తాతా. రాళ్లు ఎటు పోలే, అండ్లనే ఉన్నయి. రేపు పోటీ ఉంది. సైకిల్ ఎగురుడుకు దిమ్మె కావాలన్నరు. జాగ మంచిగుంది, రాళ్లు గూడ తయారుగున్నయి."

"తయారుగున్నయా?"

"గిప్పుడు మంది చూస్తరు తాతా. బోర్డు గూడ పెట్టిన. ఇన్నొద్దులు ఎవరికి తెలుసు మన గుట్ట సంగతి?"

సైకిళ్ల వాళ్ల పెద్ద ఒకాయన నెత్తిమీది టోపీ తీసి నా దగ్గరికి వచ్చాడు. మదన్‌మోహన్ అట. మర్యాదస్తుడే. చేతిలో ఫోను నా మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మీ నాన్నగారు ఇక్కడే గొడ్డలితో నలుగురు రజాకార్లను నరికారని విష్ణు చెప్పాడు. మీరు అప్పుడు చిన్నవాళ్లు కదా? కళ్లారా చూశారా? ఒక్క రెండు మాటలు చెప్పండి."

నేను విష్ణు వైపు చూశాను. వాడు నేల చూశాడు.

"దాన్ని జేబుల పెట్టు" అన్నాను ఆయనతో.

"ఒక్క నిమిషం..."

"జేబుల పెట్టు!"

ఆ అరుపు నాదేనా అనిపించింది. సైకిళ్ల వాళ్లందరూ తిరిగారు. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మా నాయన గొడ్డలి పట్టలే" అన్నాను. "పార పట్టిండు. గీ రాళ్ల కింద నలుగురు లేరు. ఒక్క ఆడమనిషి ఉంది. దూది ఏకే జైనాబీ. మా అమ్మ జైనక్కా అని పిలిచేది."

ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే మొదలు. ఇక ఆగలేదు. ఊరి మీదికి రజాకార్లు వచ్చిన రోజు జైనాబీ మా అమ్మనూ నన్నూ తన ఇంట్లో దూది కుప్ప వెనక దాచింది. వాళ్లు వాకిట్లోకి వస్తే, లోపల నా వాళ్లు తప్ప ఎవరూ లేరని ఒట్టు వేసింది. దూది ముక్కులోకి పోయి నాకు తుమ్ము వస్తుంటే మా అమ్మ నా మొహాన్ని తన కడుపులోకి అదుముకుంది. ఊపిరాడలేదు. అది నాకు ఇప్పటికీ తెలుసు. తర్వాత కాలం తిరగబడింది. ఫౌజు వచ్చింది. ఈసారి గొడ్డళ్లు మనవాళ్ల చేతుల్లోకి వచ్చాయి. జైనాబీ ఒక్కతే ఈ బాటన ఉరికింది. ఇక్కడిదాకా రాగలిగింది.

"ఎవరు చంపారు?" అని ఒక పిల్ల అడిగింది. నందిని అని ఎవరో పిలిచారు ఆమెను.

"మనోళ్లే. మా బాయి నీళ్లు తాగెటోళ్లే. కింద బండ, తవ్వితే పార దిగలే. మా నాయన మన్ను కప్పి, రాళ్లు పేర్చిండు. పేరు చెప్తే మనల గూడ చంపుతరని మా అమ్మ నా నోరు మూసింది. తెల్లారి నుంచి ఒక్కొక్కరు రాయి వేసుడు మొదలుపెట్టిన్రు. కొట్టినోళ్లు గూడ వేసిన్రు. మొహం దించుకొని వేసిన్రు. ఇయ్యాల వాళ్లను వీరులను చేసి బోర్డు రాసినవ్ రా, విష్ణూ. మా నాయన చేతికి గొడ్డలి ఇచ్చినవ్."

నందిని అనే పిల్ల దిమ్మె మీది నుంచి దిగి పక్కకు నిలబడింది.

మదన్‌మోహన్ గొంతు సవరించుకున్నాడు. "చాలా గొప్ప కథ పెద్దాయనా. దీన్ని కూడా బోర్డు మీద రాయిద్దాం. కానీ రేపటి పోటీకి బెంగళూరు నుంచి కూడా వస్తున్నారు. ఇప్పుడు మార్చలేం. అయిపోగానే రాళ్లు మళ్లీ ఎక్కడివక్కడ పెట్టిస్తాను. నాదీ మాట."

గొప్ప కథ. నా చేతిలో కర్ర ఉంది. ఎత్తితే ఎక్కడ ఆగుతానో తెలియక ఎత్తలేదు.

విష్ణు నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు. "తాతా, జర మెల్లగ. ఊర్ల తెలిస్తె లొల్లి అయితది. ఎవరెవరి తాతలో, ఎవరెవరి ఇండ్లో..."

"కానియ్యి."

"రేపు ఒక్క రోజు ఊకో. నా ఇజ్జత్ పోతది."

"ఆమె మీదికెల్లి సైకిళ్లు ఎగురుతుంటె నీ ఇజ్జత్ ఉంటదా?"

వాడు నా భుజం వదిలేశాడు. బర్రె సంగతి మరిచి ఇంటికి వచ్చాను.

సాయంత్రం విష్ణు వచ్చేసరికి అనంతమ్మ వాకిట్లో చాట పట్టుకుని ఉంది. నేను చెప్పినదంతా అప్పటికే వినేసింది.

"రాండ్రి దొరా" అంది. "మీ ముత్తాత నలుగురినే నరికిండా? ఒక పది మందిని నరికియ్యకపోతివి, బోర్డు ఇంక పెద్దగయ్యేది."

"నువ్వు ఊకో నానమ్మా."

"ఏం ఊకుంట? ఈ ఇంటికి కోడలిగ వచ్చిన దినం సంది రాయి వేస్తున్న. ఎవరికి వేస్తున్ననో ఇయ్యాల తెల్సింది నాకు."

విష్ణు నా ఎదుట నిలబడ్డాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "చిన్నగున్నప్పుడు అడిగిన తాతా నిన్ను. ఎవరున్నరు దీని కింద అని. నోరు మూసుకొని రాయి వెయ్యి అన్నవ్. నాకు తెల్వకుంటె నేనేదో ఒకటి అనుకోనా?"

వాడు అన్నది నిజమే. అందుకే ఇంకా మండింది.

"పోటీ ఆపు" అన్నాను.

"నా చేతుల లేదు."

తిండి ముట్టకుండా పడుకున్నాను.

మరునాడు కోడి కూయగానే లేచి ఎడ్లను కట్టాను. గొడ్డలి, గడ్డపార బండిలో వేశాను. వాగు వెంట రేగు కంప, తుమ్మ కంప నరికాను. అరచేతులు చీరుకుపోయాయి. బాట ఇప్పుడు బండి పట్టనంతగా కోసుకుపోయింది గనుక గుట్ట కిందే బండి నిలిపి, కంపను తాడుతో కట్టి పైకి ఈడ్చాను. దిమ్మెకు పైన ఒక వరస, కింద ఒక వరస, బాటకు అడ్డంగా ఛాతీ ఎత్తున పేర్చాను. మనిషి పక్కకు తిరిగి పట్టేంత సందు మాత్రం విడిచాను. నడిచేవాళ్లు నడవాలి కదా. బోర్డు పీకి కంపలో పడేశాను. తర్వాత గడ్డపారతో దిమ్మెను పొడవడం మొదలుపెట్టాను. మొరం గట్టిగా పట్టింది. పెచ్చు లేచినప్పుడల్లా కింద నుంచి ఒక రాయి బయటపడుతుంది. దాన్ని దులిపి, పాత జాగాలో పెట్టి, జైనాబీ అని పైకే అన్నాను. ఇంకొకటి పెట్టి మళ్లీ అన్నాను.

ఎండ పడేసరికి పైన సైకిళ్లు వచ్చి కంప దగ్గర ఆగాయి. ఈల మోగింది. ఎవరో తిట్టారు. మదన్‌మోహన్ కంప అవతల నుంచి, ఇది గవర్నమెంటు దారి, అడ్డం వేసే హక్కు నీకు లేదు అని అరిచాడు. నిన్నటి మర్యాద లేదు. వెనక విష్ణు ఉన్నాడు. ఇటు రాలేదు, అటు పోలేదు.

"పోలీసులను పిలుస్తా" అన్నాడు మదన్‌మోహన్.

"పిలువు" అన్నాను. "వాళ్లకు గూడ చెప్త."

గడ్డపార ఎత్తి మళ్లీ పొడిచాను.