ఆ కాలికున్న ఓపిక

"పడుకునే ఉన్నావుగా, కూరలో ఉప్పు ఎంత వేయాలో చెప్పు" అని నా కొడుకు వంటగదిలోంచి కేకేశాడు. తుంటి కీలుకి ఆపరేషన్ అయి నా కోడలు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాటి సంగతి. రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టుకుని, కప్పు వైపు చూస్తూ వెల్లకిలా పడుకుని ఉంది. ఉప్పు సంగతి చెప్పింది. కాసేపటికి స్టవ్ మీంచి ఏది ముందు దించాలో చెప్పింది. ఇస్త్రీ పెట్టె ఎక్కడుందో, నా బీపీ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పింది. మధ్యలో తను పనిచేసే కళ్ళద్దాల దుకాణం యజమాని ఫోన్ చేసి, ఎలా ఉన్నావమ్మా అని అడిగి, జవాబు వినకుండానే సన్న స్క్రూల డబ్బా ఎక్కడ పెట్టావన్నాడు. అదీ చెప్పింది. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చునే మనిషికైనా మధ్యలో టీ ఇస్తారు.

నా కోడలు నలభై దాటాక పరుగు మొదలుపెట్టింది. పోటీలకి కాదు. తెల్లారకముందే లేచి, బూట్లు చేత్తో పట్టుకుని, గొళ్ళెం చప్పుడు కాకుండా తలుపు తీసుకుని వెళ్ళేది. మేం లేచేసరికి వచ్చి స్టవ్ వెలిగించేది. దానివల్ల ఇంట్లో ఎవరికీ ఏ పనీ ఆగలేదు. అయినా మా వాడు "ఎవరు తరుముతున్నారని ఆ పరుగు" అనేవాడు. నా కూతురు వచ్చినప్పుడల్లా "ఇంట్లో తిరిగే తిరుగుడు చాలదా వదినా" అనేది. తను నవ్వి ఊరుకునేది. తుంటి నొప్పి మొదలయ్యాక అందరూ కలిసి నేరం పరుగు మీదకి నెట్టేశారు. కీలు పుట్టుకతోనే సరిగ్గా కుదరలేదని, పరుగుది తప్పు కాదని డాక్టరు చెప్పాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

వ్యాయామాలు చేయించడానికి ఆస్పత్రి తరఫున ఫిజియో అమ్మాయి ఇంటికొచ్చేది. చేతులు ఆనించకుండా స్టూలు మీంచి లేవమనేది. పై అరలో డబ్బా అందుకోమనేది. గిన్నె పట్టుకుని పక్కకి అడుగులు వేయమనేది, నీళ్ళ బకెట్టుతో గుమ్మం దాటమనేది. నా కోడలు ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. పళ్ళు బిగబట్టి, మెడ మీంచి చెమట కారుతుంటే, ఆ అమ్మాయి చాలన్నాక ఇంకోసారి చేసేది. నేను ఆ గదిలోనే కుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి. అంత పట్టుదల గల మనిషిని నా జన్మలో చూడలేదు.

సాయంత్రాలు ఇద్దరం వరండాలో నడిచేవాళ్ళం. నాకూ కర్రే, తనకీ కర్రే. "ఎవరు ముందు పడితే వాళ్ళని రెండోవాళ్ళు లేపాలి మామయ్యా" అనేది.

"పడితే ఇద్దరం అక్కడే కూర్చుందాంలే అమ్మాయ్" అనేవాణ్ణి.

ఒకరోజు, పరిగెత్తేటప్పుడు ఏం ఆలోచిస్తావని అడిగాను. "మొదట్లో అన్నీ నాతోపాటే పరిగెత్తుతాయి మామయ్యా. పాల ప్యాకెట్టు, నానబెట్టిన బట్టలు, మా యజమాని మొహం, ముందురోజు మీ అబ్బాయి అన్న మాట, నేను అనలేకపోయిన మాట. కొంచెం దూరం పోయాక వాటికి ఆయాసం వస్తుంది. ఒక్కొక్కటే ఆగిపోతుంది. అప్పుడు నేనొక్కదాన్నే ముందుకెళ్తాను. ఎవరి భార్యనో, ఎవరి కోడలినో అప్పుడు గుర్తుండదు. ఏమనుకోకండి" అంది. నేనేమనుకుంటాను? ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉన్న మనిషిని ఆ రోజే మొదటిసారి కలిసినట్టనిపించింది.

కొన్నాళ్ళకి తను కర్ర వదిలేసింది. వంటగదిలోకి వచ్చేసింది. "నీ చేతి వంట తిని ఎన్నాళ్ళైందో" అంటూ మా వాడు గరిటె కింద పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. ఇక పూర్తిగా కోలుకుందని బంధువులందరికీ ఫోన్లు చేశాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న తను బూట్లు వేసుకుని వీధిలోకి వెళ్ళింది. నేను వరండాలో ఉన్నాను. పరుగు అందుకోబోయింది. ఆపరేషన్ అయిన వైపు ఒళ్ళంతా ఒరిగిపోయింది, ఇరుసు వదులైన బండిలాగా. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. కాలి వైపే చూస్తూ ఉండిపోయింది.

ఫిజియో అమ్మాయి వచ్చాక నా కోడలు అడిగింది. "ఇంత చేశాను కదా, పరుగెందుకు రావట్లేదు?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. "పరుగా? నాకెవరూ చెప్పలేదు మేడమ్. కోలుకున్నాక ఏం చేయగలగాలని ఆస్పత్రిలోనే అడిగాను. మీరు మత్తులో ఉన్నారు. ఇంటిపని చేసుకోగలిగితే చాలని మీవారు చెప్పారు. దానికి తగ్గట్టే చేయించాను."

నా కోడలు స్టూలు వైపు చూసింది. పై అర, గిన్నె, బకెట్టు. నేనూ చూశాను. రోజూ కళ్ళ ముందే జరిగింది, నాకు మాత్రం తట్టిందా?

ఆ సాయంత్రం మళ్ళీ వరండాలో నడిచాం. "ఆయన అబద్ధం చెప్పలేదు మామయ్యా" అంది. "దాచలేదు కూడా. మీ ఆవిడకి కాళ్ళు దేనికి అని అడిగితే, క్షణం ఆలోచించకుండా జవాబు చెప్పారు. తనకి తెలుసనుకున్నారు. ఆ చెమటంతా పరుగు కోసం అనుకున్నాను నేను. మళ్ళీ స్టవ్ దగ్గరికి రావడానికి కార్చాను." వరండా చివర వెనక్కి తిరుగుతూ, "ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. పరుగు వస్తుందట. వ్యాయామాలు మొదటినుంచీ వేరేవి చేయాలట. కానీ పొద్దుటినుంచి వంటగదిలో నిలబడి అలిసిపోయిన కాలితో చేయించలేనంది. రెండూ అంటే కీలు ఓర్చుకోదట" అంది.

రాత్రి భోజనాల దగ్గర మా వాడికి ఇదంతా చెప్పింది.

"నేనన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు వాడు. "ఈ వయసులో పరుగు అవసరమా నీకు?"

"అవసరం కాదు. ఇష్టం."

"మరి వంట?"

"అది అవసరం. అందరిదీ."

వాడు నవ్వబోయి, తను నవ్వట్లేదని చూసి ఆగాడు. "నాన్నా, నువ్వైనా చెప్పు" అన్నాడు నాతో.

"కూరగాయలు నేను తరుగుతానురా. కూర్చుని చేసే పనేగా" అన్నాను.

తను నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు. "ఈ కాలికి రోజుకి కొంత ఓపికే ఉంది. అది దేనికి వాడాలో ఇకనుంచి నేను చూసుకుంటాను" అంది. అని అన్నం వడ్డించుకుంది, ముందు తనకి.

మర్నాడు సాయంత్రం వంట వేళకి హాల్లో చిన్న పీట వేసుకుంది. ఫిజియో అమ్మాయి పరుగు కోసం చెప్పిన కొత్త వ్యాయామం, దానిమీంచి ఒంటికాలి మీద దిగాలి. మోకాలు వణికింది. దిగింది. మళ్ళీ ఎక్కింది. నేను తరిగిన ముక్కలు వంటగదిలో అలాగే ఉన్నాయి, స్టవ్ ఇంకా ఎవరూ వెలిగించలేదు. మా వాడు గుమ్మంలో నిలబడి ఓసారి అటూ, ఓసారి ఇటూ చూస్తున్నాడు. తను మాత్రం అటు చూడనే లేదు.