డొల్ల చప్పుడు

సుత్తితో మరో దెబ్బ వేసి, తోర్‌గెయిర్ ఎడమచేతి తొడుగును పళ్ళతో లాగి తీసేశాడు. ఉత్త అరచేతిని కాంక్రీటుకు ఆనించి మళ్ళీ కొట్టాడు. చేతికి ఏమీ తెలియలేదు. పొద్దుటి నుంచి సముద్రపు పాయ మీది గాలి కోసేస్తోంది. వేళ్ళు కొయ్యబారి చాలాసేపయింది. వంతెన మీంచి దిగిన రెండు తాళ్ళకు వేలాడుతూ, స్తంభానికి కాళ్ళు తన్నిపెట్టి, అతను ఇంకొంచెం కిందికి జారాడు. ఒక తాడు మనిషిని మోసేది, రెండోది మొదటిది తెగితే ఆదుకునేది.

చెప్పుకోడానికి పని తేలికే. కుండ కొనేవాళ్ళు వేలితో కొట్టి చూసుకున్నట్టు, స్తంభాన్ని సుత్తితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల ఇనుము తుప్పుపట్టి పైపొర విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. అక్కడ సుద్దతో గుండ్రం గీయాలి, ఊడేలా ఉన్న పెచ్చును అప్పుడే రాల్చెయ్యాలి. దీనికి కావలసింది మంచి చెవి. ఆ చెవే తోర్‌గెయిర్‌ని వదిలేస్తోంది.

ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టల కూతలు పోయాయి. వాటితో తనకేం పని అనుకున్నాడు. తర్వాత భార్య బెర్గ్‌లియోట్ వంటింట్లోంచి పిలిస్తే వినపడడం మానేసింది. "చెవులు టోపీ నిలబడ్డానికి పెట్టుకున్నావా?" అని ఆమె దెప్పేది. గుబిలి పట్టిందనేవాడు. పనిలో మాత్రం ఒక దారి కనిపెట్టాడు. డొల్లచోట కొడితే అరచేతికి సన్నటి వణుకు తెలుస్తుంది. పోయిన శీతాకాలం నుంచి అతను చేత్తోనే వింటున్నాడు.

డాక్టరుకు చూపిస్తే తాళ్ళ మీద పని పోతుంది. తాళ్ళు లేకపోతే తనకు మిగిలేదేమిటో అతనికి తెలియదు. చేపలు పట్టే ఇంట పుట్టి, పడవెక్కితే కడుపులో తిప్పి, గాలిలో వేలాడితే మాత్రం నిమ్మళంగా ఉండే మనిషి. జుట్టు నెరిసేదాకా వంతెనల అడుగుభాగాలు చూస్తూ బతికాడు. పైన కార్లలో పోయేవాళ్ళెవరికీ అతని పేరు తెలియదు. తెలియాలని అతనికీ లేదు.

మధ్యాహ్నం అతనూ మారిటూ వంతెన మీద, వ్యాన్ చాటున కూర్చుని రొట్టెలు విప్పారు. మారిట్ వయసులో చాలా చిన్నది. ఈ పని అతని దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు అతని జోడీ అయింది. పొద్దున్నే ఒకరి ఒంటి మీది పట్టీలు ఒకరు లాగి చూసుకున్నాకే ఇద్దరూ గాలిలోకి దిగుతారు. పెదాలు కనపడాలని అతను ఎప్పుడూ ఆమెకు ఎదురుగా కూర్చుంటాడు.

"స్తంభానికి నా వైపు తట్టు పోసినట్టుంది," అంది మారిట్. " సుద్దంతా అయిపోయింది. నీ వైపో?"

"బాగానే ఉంది."

"ఎన్ని గీశావు?"

"ఏం లేవు."

మారిట్ నవ్వింది. "ఒడ్డు వైపు నాది, సముద్రం వైపు నీది. ఉప్పుగాలికి నిన్ను చూస్తే అంత జాలేంటో!"

ఆట పట్టించడానికే అంది. తోర్‌గెయిర్ రొట్టె పక్కన పెట్టేశాడు. ఒకేసారి పోసిన కాంక్రీటు, ఒకటే ఇనుము, ఉప్పు తుంపర ఎక్కువ కొట్టేది తన వైపే. అక్కడ ఒక్క గుర్తయినా లేకపోవడమేమిటి? పడవల క్లబ్బు దగ్గరే ఉంది. పిల్లలు తెరచాపలు వేసుకుని ఆ స్తంభాన్ని ఆనుకునే తిరుగుతారు. అతనికి భయం వేసింది. తాళ్ళ మీద ఎన్నడూ వేయనంత భయం.

ఒకరు కొట్టిన చోట ఇంకొకరు కొట్టకపోవడం ఈ పనిలో మర్యాద. కొడితే నీ చెవి మీద నాకు నమ్మకం లేదన్నట్టే. అందుకే అతని తర్వాతి మాటకు మారిట్ నమలడం ఆపేసింది.

"నా వైపు నువ్వోసారి కొట్టి చూడు."

"నేనా? ఎందుకు?"

"చూడు, చెప్తాను."

ఆమె దిగింది. అతను రేడియో చెవికి అదుముకుని, రెయిలింగు మీంచి వంగి కాపలా నిలబడ్డాడు. మొదటి వరసలోనే ఆమె గుండ్రం గీసింది. పక్కనే ఇంకొకటి. తర్వాత రెండింటినీ కలిపి పెద్ద గీత చుట్టింది. పొద్దున అతను చెయ్యి ఆనించి వదిలేసిన చోటే అది. సిగ్గుతో అతని ముఖం మండిపోయింది.

మారిట్ సుత్తి మొన పగుల్లో దూర్చింది. కిటికీ రెక్కంత పెచ్చు కదిలింది. ఆమె తలెత్తి ఏదో అంది. రేడియోలో గరగర తప్ప అతనికేమీ అందలేదు. ఆమె మళ్ళీ అంది. మూడోసారి నోరంతా తెరిచి అరిచింది. ఏమంటోంది? పైకి లాగమనా? తాడేమైనా అయిందా? ఏం చెయ్యాలో తోచక కిందికి చూశాడు. స్తంభం మొదలు చుట్టి తెల్లని తెరచాప ఒకటి వస్తోంది. నారింజరంగు చొక్కా తొడుక్కున్న పిల్ల చుక్కాని పట్టుకుని కూర్చుంది. స్తంభం మూల అడ్డమై అది మారిట్‌కి కనపడదు.

ఆగమన్న గుర్తుగా అతను రెండు చేతులూ ఎత్తి తల మీద అడ్డంగా పెట్టాడు. మారిట్ సుత్తి లాగేసి, ఊడివస్తున్న పెచ్చును రెండు మోకాళ్ళతో అదిమిపట్టింది. ఆ పిల్లకు తొందరేమీ లేదు. తాడేదో సర్దుకుంది, టోపీ సర్దుకుంది. పడవ బయటి నీళ్ళలోకి పోయాక తోర్‌గెయిర్ చేతులు దించాడు. మారిట్ పక్కకు తన్నుకుని ఊగింది. పెచ్చు విడిపోయి, గాలిలో తిరుగుతూ వెళ్ళి పడింది. నీళ్ళు తెల్లగా ఎగిశాయి. అతనికి ఏ చప్పుడూ వినపడలేదు.

పైకి రాగానే ఆమె విరుచుకుపడింది. "కింద ఖాళీయేనా అని మూడుసార్లు అడిగాను! నోరు పడిపోయిందా?"

"వినపడలేదు."

"రేడియో పాడైందా?"

"అది బాగానే ఉంది." చెవి ముట్టుకుని చూపించాడు. "పాడైంది ఇది. పోయిన చలికాలం నుంచి. చేత్తో తెలుసుకునేవాణ్ణి. ఇవాళ అదీ మొద్దుబారింది."

"అయితే అప్పట్నుంచి నువ్వు చూసిన వంతెనలన్నీ..."

"మళ్ళీ చూడాలి. అన్నీ."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను కేకేస్తే వినడానికి నువ్వున్నావనే కదయ్యా దిగుతున్నాను! తెలిసి తెలిసి ఎలా నిలబడ్డావు నా తాడు దగ్గర?"

ఇన్నాళ్ళూ తన పని పోతుందని భయపడ్డాడు, ఇవాళ కాంక్రీటు గురించి భయపడ్డాడు. మారిట్ ప్రాణం తన చెవికే వేలాడుతోందని ఒక్కనాడూ తట్టలేదు. అదే అతన్ని కుంగదీసింది.

ఆఫీసుకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పాడు. అటునుంచి ఏమంటారో వినమని ఫోను మారిట్ చేతికిచ్చాడు. ఆమె విని, అతనికి ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పింది. "పని ఆపమన్నారు. వ్యాన్ నా దగ్గర వదిలి నిన్ను బస్సులో వచ్చెయ్యమన్నారు."

అతను తల ఊపాడు. పట్టీలు ఒక్కొక్కటే విప్పి, మడిచి, వ్యాన్‌లో తన మూలన పెట్టాడు. బస్సు స్టాపు వైపు నడిచాడు.

మారిట్ తాళ్ళు చుడుతూ ఉండిపోయింది. కోపం తగ్గలేదు. అయినా ఫ్లాస్కు తీసి రెండు కప్పుల్లో కాఫీ పోసింది. ఒకదాంట్లో, అతను తాగే తీరున, చక్కెర దండిగా వేసింది.

"తోర్‌గెయిర్! బస్సుకింకా టైముంది. కాఫీ తాగి పో!"

గాలి అతని వైపే వీస్తోంది. ఆమె ఇంకోసారి, గొంతు చించుకుని పిలిచింది. అతను వంతెన చివర మలుపు తిరిగాడు.

రెయిలింగు దిమ్మె మీద అతని కప్పులోంచి ఆవిరి లేస్తూనే ఉంది.